సున్నం కింద సెగ

కమలాక్షమ్మ ఇంటికి ఎవరైనా వస్తే ఆమె ముందు వాళ్ల ముఖం చూడదు, పాదాలు చూస్తుంది. పాదాల తర్వాత చేతులు. మాటల్లో పడి గోడకు చెయ్యి ఆనించే రకమైతే ఆ మనిషికి కాఫీ వాకిట్లోకే వస్తుంది, లోపలికి పిలుపు రాదు.

నంద్యాలలో రైలు స్టేషనుకు పోయే దారి పక్కన, ఒకదాన్నొకటి ఆనుకుని నాలుగు పోర్షన్లున్న మిద్దె ఆమెది. మట్టిగోడలు, గోడల్లోకి దిగిన వేప దూలాలు, దూలాల మీద బేతంచెర్ల బండలు, బండల మీద మూరెడు మందాన చవుడు మట్టి. అలాంటి మిద్దెలు ఊరంతా ఉన్నాయి. కానీ లోపల దూలాలకు కూడా సున్నం కొట్టించే ఇల్లు అదొక్కటే. అందరిళ్లలో ఉగాదికో పెళ్లికో సున్నం పడేది. ఆమె ఇంట్లో ఈగ వాలినా పడేది. నీలిమందు ఎంత, తుమ్మజిగురు ఎంత, ఉప్పు ఎంత అన్నది సున్నం కొట్టే మద్దిలేటికి ఆమే దగ్గరుండి చెప్పేది. వీధిలో ఆమె పేరు సున్నం కమలాక్షమ్మ. ఎదురింటి యశోదమ్మ అయితే, “ఆమె ముందర శానాసేపు నిలబడగాకండి, కుంచె తిప్పుతుంది” అనేది.

పుట్టింది ఆళ్లగడ్డలో, నల్లరేగడి భూములున్న ఇంట్లో. నంద్యాల పత్తి వ్యాపారికిచ్చి చేశారు. పిల్లలు లేరు. మగడు పోయేటప్పుడు ఆ నాలుగు పోర్షన్లు మిగిల్చిపోయాడు. ఒకదాంట్లో తానుండి, మూడు అద్దెకిచ్చి బతుకుతోంది. ఆళ్లగడ్డ నుంచి తమ్ముడు ఆదినారాయణ వచ్చినప్పుడల్లా ఒకటే పాట.

“అక్కా, ఈ కొంపలు అమ్మేసి ఊరికి రా. ఆడ నీకేం తక్కువ?”

“తక్కువేం లేదు నాయనా. మీ గోడలకు ఎద్దులు ఒళ్లు రుద్దుకుంటాయి. ఆ పక్కన నాకు నిద్రపట్టదు.”

నవ్వుతూనే అనేది గానీ, లోపల ఇంకో లెక్క ఉండేది. నంద్యాలలో ఆమె ఇంటామె. ఆళ్లగడ్డకు పోతే వంటింటి మూలన కూర్చునే మేనత్త. ఒకసారి తమ్ముడి కూతురి పెళ్లిచూపులకు అక్కడికి పోయి, మగపెళ్లివారు ఫలహారం తింటుండగా వాళ్ల వెనక గోడ మీద మరక కనిపించి, ఉండబట్టలేక కొంగు తడిపి తుడిచింది. పెళ్లికొడుకు తండ్రి తన మెడ వెనక ఏదో పాకుతోందనుకుని విస్తరి మీదుగా దూకాడు. సంబంధం ఎలాగో కుదిరింది. కానీ అప్పటినుంచి ఆ ఇంట్లో ఏ శుభకార్యమైనా ఆమెను గోడకు దూరంగా కూర్చోబెట్టడం ఆచారమైపోయింది.

ఇంత శుభ్రమైన ఇంట్లో ఒక్క చోటు మాత్రం ఎవరి కంటా పడేది కాదు. అది అటక. ఆ రోజుల్లో ఆ వీధిలో పోర్షను అద్దెకిచ్చినా అటక ఇంటామెదే. ఏటా కోతలయ్యాక ఆళ్లగడ్డ చేల నుంచి బండెడు కందికట్టె వచ్చేది, నీళ్లపొయ్యి కిందికి. దాన్ని వాకిట్లో వామి వేస్తే ఇల్లు కళ్లంలా కనబడుతుందని ఆమె బాధ. అందుకని మోపులు కట్టించి, అద్దెకున్నవాళ్ల వంటిళ్లలో అటకల మీదికి ఎక్కించి, ముందర తెల్లటి దుప్పటి తెర కట్టేది. తెర కింద వాళ్లు పొయ్యి వెలిగించుకునేవాళ్లు. ఎవరికీ ఏమీ అనిపించలేదు.

అనిపించింది ఒక్క బాలస్వామికే. ఆయన ఇన్సూరెన్సు ఏజెంటు, ఆదివారం చర్చిలో పాటలు ఎత్తుకునే మనిషి. ఒకరోజు అరుగు మీద కూర్చుని లోపలికి తొంగిచూసి, “పైన కట్టె, కింద పొయ్యి. మీ ఇల్లు కాలడానికి పద్ధతిగా ఏర్పాటు చేసి పెట్టినారక్కా” అన్నాడు. అగ్గి గురించి, బీమా గురించి గంట చెప్పాడు. ఆమె ఒక్క ముక్కా వినలేదు. ఆయన తలకు రాసుకున్న కొబ్బరినూనె వెనక గోడకు అంటుతోంది, ఆమె కళ్లు అక్కడే ఉన్నాయి. ఆయన లేస్తే చాలునని సంతకం పెట్టింది. లేచి పోయాక మద్దిలేటికి కబురు పెట్టింది. కట్టె మాత్రం అటక మీదే ఉండిపోయింది.

లూదియాను తెచ్చిందీ బాలస్వామే. మిషను స్కూల్లో టీచరు. భర్త యోబు ఆళ్లగడ్డలో కాంపౌండరు, శనివారం బస్సుకు వచ్చి సోమవారం పొద్దున పోయేవాడు. నంద్యాలలో ఆ పిల్లకు ఇల్లు దొరకడమే గగనమైంది. ఏ వీధిలో అడిగినా ముందు పేరు అడిగేవాళ్లు, పేరు విన్నాక పోర్షను ఖాళీ లేదనేవాళ్లు. కమలాక్షమ్మ పేరు అడగలేదు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల చీర చూసింది, చెప్పులు గుమ్మం బయట జత కలిపి విడవడం చూసింది, తాళం చేతిలో పెట్టింది. తర్వాత పేరు తెలిసి యశోదమ్మ, “ఏందిమే, వాళ్లకా ఇచ్చింది?” అంటే, “మీ కోడలికంటే గోడ బాగా చూసుకుంటుంది” అని మాట తెంచింది.

ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు, కార్తీకమాసం చలిలో, నిప్పంటుకుంది.

సాయంత్రం లూదియా స్కూలు నుంచి వచ్చి పంపు స్టవ్ వెలిగించి, ఎసరు పెట్టి, బిందె తీసుకుని కొళాయి దగ్గరికి పోయింది. ఏడో నెల కడుపు, నెమ్మదిగా నడుస్తోంది. స్టవ్‌లో గాలి ఎక్కువై మంట ఒక్కసారి పైకి లేచింది. లేచి మామూలుగానైతే తగ్గిపోయేదే. పైన దుప్పటి తెర ఉంది. తెర వెనక ఎండిన కందికట్టె ఉంది.

బిందె నిండకముందే వీధంతా పొగ. కమలాక్షమ్మ పరుగెత్తుకొచ్చేసరికి వంటింటి కిటికీలోంచి నాలుక చాపినట్టు మంట బయటికొస్తోంది. మద్దిలేటి, చుట్టుపక్కల మగవాళ్లు తడి గోతాలతో కొట్టారు, ఆడవాళ్లు కడవలు అందించారు. యశోదమ్మ కూడా, వాళ్లా వీళ్లా అని చూడకుండా, తన ఇంటి తొట్టి ఖాళీ చేసింది. పొద్దు గుంకేలోపు మంట ఆరింది. అటక బూడిదైంది. వంటింటి తలుపు, కిటికీ రెక్కలు బొగ్గయ్యాయి. గోడలు, దూలం, బండలు అన్నీ కాటుక పూసినట్టు నల్లగా ఉన్నాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. లూదియా బిందె పట్టుకుని వాకిట్లో అట్లాగే నిలబడిపోయింది.

బాలస్వామి సైకిలు మీద వచ్చి చూసి, మొదట దేవునికి స్తోత్రం చెప్పి, తర్వాత కమలాక్షమ్మకు గట్టిగా చెప్పాడు. “అక్కా, నేను కర్నూలుకు పోయి చెప్పొస్తా. సర్వేయరు వచ్చి కంటితో చూసి కాలిందని రాస్తేనే మనకు ఇన్సూరెన్సు. అంతదాకా ఏదీ కదిలించగాకండి. ఉన్నది ఉన్నట్టే ఉండల్ల.”

ఆదినారాయణ ఆళ్లగడ్డ నుంచి వచ్చి ఇంకో మాట చెప్పాడు. “వాళ్లు ఇస్తే బాగుచేయిద్దాం. ఇయ్యకుంటే ఈ పోర్షనుకు తాళం, ఆ టీచరమ్మ దోవ ఆమెది, ఇల్లు బేరానికి. ఇంగ నీ మాట వినేది లేదక్కా.”

అంటే అంతా ఆ సర్వేయరు చూపు మీద ఉంది. ఇల్లుండడం, లూదియా ఉండడం, తాను ఇంటామెగా ఉండడం. కమలాక్షమ్మకు ఇది బాగా అర్థమైంది. బాలస్వామి చెప్పిందీ అర్థమైంది. కానీ ఆయన చెప్పిన మాటల్లో ఒక్కటి మాత్రం మిగతావాటి మీదెక్కి కూర్చుంది. కర్నూలు నుంచి పెద్ద ఆఫీసరు తన ఇంటికి వస్తున్నాడు.

మర్నాడు తెల్లారేసరికి ఆమె నిర్ణయం అయిపోయింది.

“ఉన్నది ఉన్నట్టు ఉంచమన్నాడు గదమ్మా బాలస్వామి సారు,” అన్నాడు మద్దిలేటి, సున్నం కుండ దించకుండానే.

“ఉన్నట్టంటే ఏందప్పా, మసి మొగంతోనా? శవాన్నయినా కడిగి చూపిస్తారు. వచ్చినాయన ఈ నలుపు చూసి, ఈమె ఇల్లు ఎట్ల పెట్టుకునిందో అనుకోడూ?”

“కాలిందని చూసేకే గదా వచ్చేది.”

“కాలిందని నోటితో చెప్తా. ఇంత మంది చూసినారు. నువ్వు చూసినావు. అబద్ధం చెప్తామా?”

మద్దిలేటి కుండ దించాడు. ఆమెతో వాదించి గెలిచిన కుంచె ఆ ఊళ్లో లేదు. మసి గీకి, కడిగి, ఒక పూత కాదు, మూడు పూతలు వేశాడు. దూలం కూడా తెల్లబడింది. బొగ్గయిన తలుపు చెక్కల్ని, అటక కొసల్ని ఆమె నీళ్లపొయ్యిలో పెట్టింది. వడ్రంగిని పిలిపించి కొత్త తలుపు పెట్టించి రంగు వేయించింది. కాలిన ఆనవాలంటూ ఏదైనా మిగిలితే అది ఆ నీళ్లతో స్నానం చేసినవాళ్ల ఒంటి మీద ఉండాలి.

రెండు రాత్రులు తన పడసాలలో పడుకోబెట్టుకున్న లూదియాను, “పోమ్మా, మీ ఇల్లు కొత్తింటి మాదిరి ఉండాది. పోయి సుఖంగా పండుకో” అని తిరిగి ఆ పోర్షనులోకి పంపింది. అదే వంటింటి పక్క గోడకు ఆనించి ఆ పిల్ల చాప వేసుకుంది.

ఇంత చేసినా ఇల్లు ఆమె మాట వినలేదు. దూలం కొస గోడలోకి దిగే చోట, సరిగ్గా దాని కింద, సున్నం మీద చిన్న మచ్చ లేచింది. లేత పసుపు, రూపాయి బిళ్లంత.

“ఏమప్పా మద్దిలేటీ, ఏం కలిపినావు సున్నంలో? టీ పోసినట్టుండాది గోడ.”

“నేనేం కలుపుతానమ్మా, ఉప్పు కూడా నువ్వే ఏస్తివి.”

“మరి మచ్చ యాడనుంచి వచ్చె?”

“తడి ఆరలేదేమో. ఆ పొద్దు ఎన్ని కడవలు పోసినారు గోడకు.”

మచ్చ మీద ఒక పూత వేశారు. మరుసటి రోజుకు మచ్చ మళ్లీ వచ్చింది, ఈసారి అరచేయంత, అంచున గోధుమరంగు. ఇంకో పూత వేశారు. ఇంకా పెద్దదైంది. అంత మొండి మరకను కమలాక్షమ్మ తన జన్మలో చూడలేదు. రాత్రిళ్లు దాని గురించే ఆలోచించేది. సర్వేయరు ఎక్కడ కూర్చుంటాడు, కూర్చుంటే అది కనబడుతుందా, కుర్చీ ఏ పక్కకు తిప్పితే కనబడదు. చివరికి కుర్చీని సరిగ్గా మచ్చ కిందే, దూలం కొస కింద, గోడకు వీపు పెట్టి వేయించాలని తేల్చుకుంది. వీపు వెనకున్నది ఎవరికీ కనబడదు గదా.

ఆ రోజుల్లోనే లూదియా ఒకమాట అంది. “పెద్దమ్మా, ఆ గోడ పక్కన పండుకుంటే సలే తెలీడంలే. దుప్పటి కూడా అక్కర్లేదు.”

“నా సున్నం అట్లాంటిది. మూడు పూతలంటే ఏమనుకుంటివి, గాలి దూరదు” అని కమలాక్షమ్మ మురిసిపోయింది.

ఎదురింటి యశోదమ్మ తన మిద్దె మీద వడియాలు తీస్తూ కేకేసింది. “ఏమ్మే కమలాక్షీ, మీ మిద్దె మీద పిల్లి కాపురం పెట్టింది. పొద్దుగూకులూ ఆ మూలనే ముడుచుకోనుంటుంది. ఎంత అదిలించినా లేయదు.”

“చవుడు మీద గీకుతాదేమో చూడు” అని కమలాక్షమ్మ బాధ కమలాక్షమ్మది.

గోడ వెచ్చన సంగతి లూదియాకు తెలుసు, మచ్చ సంగతి కమలాక్షమ్మకు తెలుసు, పిల్లి సంగతి యశోదమ్మకు తెలుసు. ఈ మూడూ ఒక్క బుర్రలో పడి ఉంటే ఆ రోజే తేలిపోయేది. మూడు బుర్రల్లో విడివిడిగా పడి ఉండబట్టి, ఇల్లు లోపల్లోపల తన పని తాను చేసుకుపోతోంది. వాసన ఉండేది. కాలిన ఇంట్లో వాసన ఉండదా అని సాంబ్రాణి వేసేవాళ్లు.

సర్వేయరు వచ్చిన పూట బాలస్వామి ఆయన్ని స్టేషను దగ్గర ఎక్కించుకున్న రిక్షాలో తెచ్చాడు. ప్యాంటులోకి చొక్కా దోపుకున్న సన్నటి మనిషి. చంకలో తోలు సంచి. ఆదినారాయణ ముందే వచ్చి అరుగు మీద ఉన్నాడు. బాలస్వామి దారి పొడుగునా మంట గురించి, నల్లటి గోడల గురించి చెబుతూ వచ్చినట్టున్నాడు, గుమ్మంలో అడుగుపెట్టి ఆగిపోయాడు. తెల్లగా, నిగనిగలాడుతూ, పెళ్లి కూతురిలా ఉంది వంటిల్లు.

సర్వేయరు నాలుగు దిక్కులా చూశాడు. పైకి చూశాడు. కొత్త తలుపును వేలితో తట్టాడు.

“మంట ఎక్కడమ్మా?”

“ఈడనే సార్,” అంది కమలాక్షమ్మ. “శానా కాలింది. కూర్చోండి సార్, కాఫీ తాగండి.”

“కాలిన తలుపేది?”

“నీళ్లపొయ్యిలో పెట్టినాం.”

“అటక?”

“అదీ పొయ్యిలోనే.”

బాలస్వామి కళ్లు మూసుకున్నాడు. ఆయన పెదవులు కదిలాయి. పాట కాదది.

సర్వేయరు కుర్చీలో కూర్చున్నాడు. ఆమె వేయించిన చోటే, దూలం కొస కింద. ఆ పక్కనే గోడకు ఆనుకుని ముక్కాలి పీట మీద లూదియా కూర్చుని ఉంది. నిలబడితే కాళ్లు వాస్తున్నాయి. కమలాక్షమ్మ కింద పెట్టిన కాఫీ గ్లాసు తీసుకుంటూ ఆయన కోప్పడకుండా, మెల్లగా అన్నాడు. “చూడండమ్మా. ఇన్సూరెన్సు వాడు వచ్చేముందు సున్నం కొట్టారంటే మా ఆఫీసులో రెండే అర్థాలు. ఏమీ కాలలేదని ఒకటి. ఏదో దాస్తున్నారని రెండోది. ఇందులో మీది ఏదో చెప్పండి, అదే రాసుకుంటాను.”

“దాసేకేముండాది సార్,” ఆదినారాయణ లోపలికి వచ్చాడు. “ఈ టీచరమ్మ స్టవ్ వదిలేసి పోయింది. ఆమె తప్పు, రాసుకోండి. ఇస్తే ఇయ్యండి, లేకుంటే లేదని ఇప్పుడే చెప్పండి. తాళమేసి పోతాం. కొనేటోళ్లు ఉండారు.”

లూదియా తల ఎత్తలేదు. చీర కొంగును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

కమలాక్షమ్మకు చెప్పాల్సినది గొంతు దాకా వచ్చింది. అటక మీద కందికట్టె ఎవరిది. ఆ తెర ఎవరు కట్టారు. కానీ ఆ మాట అంటే ఆఫీసరు ఏం రాస్తాడో, తమ్ముడు ఏమంటాడో. ఆమె కళ్లు అలవాటుగా గోడ మీదికి పోయాయి.

మచ్చ సర్వేయరు తల దాకా పాకింది. పొద్దున వేసిన పూతను తినేసింది. మధ్యలో నలుపు. ఆ నలుపులోంచి జిగటగా, తేనెలాంటిదేదో కారుతోంది. ఆమె చూస్తుండగానే చిటికెడు సున్నం పెచ్చు ఊడి ఆయన కాఫీలో పడింది.

పాత పెళ్లిచూపుల సంగతి గుర్తొచ్చినా ఆమె చెయ్యి ఆగలేదు. కొంగు తడుపుకుని ముందుకు పోయింది. “ఒక్క నిమిషం సార్” అంటూ ఆయన తల మీదుగా చెయ్యి చాపి మచ్చను తుడవబోయింది. అరచెయ్యి గోడకు ఆనింది.

పెనం మీద పెట్టినట్టయింది. తడి కొంగు చుయ్యిమంది.

ఆమె చెయ్యి తీసుకుంది. మళ్లీ పెట్టింది. అరచెయ్యి కింద గోడ వేడిగా ఉంది, దూలం కొస ఇంకా వేడిగా ఉంది. పైనుంచి మట్టి రాలింది, చాలా కొంచెం, ఎవరో పిడికిట్లోంచి వదిలినట్టు. సలే తెలీడంలే పెద్దమ్మా. పిల్లి ఎంత అదిలించినా లేయదు. టీ పోసినట్టుండాది గోడ. మూడు మాటలూ ఒక్క బుర్రలో పడ్డాయి.

ఆమె అరవలేదు. ఒక చేత్తో లూదియా రెక్క పట్టుకుంది. ఇంకో చేత్తో కర్నూలు నుంచి వచ్చిన ఆఫీసరు అంగీ కాలరు పట్టుకుంది. మగడు పోయినప్పటినుంచి పరాయి మగవాడికి గ్లాసు కూడా చేతికి ఇవ్వక కింద పెట్టే మనిషి. ఇద్దర్నీ ఒక్క ఊపున లేపింది.

“ఏందమ్మా ఇది” అని ఆయన అంటున్నాడు. గ్లాసు ఎగిరి తెల్లటి గోడ మీద కాఫీ చిమ్మింది. ఆమె ఆ వైపు చూడనే లేదు. వీధి ఆ సంగతి తర్వాత చాలాసార్లు చెప్పుకుంది.

“నడువు ఆదీ, బయటికి నడువు, బేగా” అంది తమ్ముడితో. ఆదినారాయణ అక్క గొంతులో అలాంటి మాట చిన్నప్పుడు బావి గట్టు మీద ఒక్కసారి విన్నాడు. ఎందుకని అడగకుండా బాలస్వామిని తోసుకుంటూ బయటికి నడిచాడు. గడప దగ్గర లూదియా తడబడింది. కమలాక్షమ్మ కాలరు వదిలేసి ఆ పిల్లను రెండు చేతులా నడుము చుట్టూ పట్టుకుని వాకిట్లోకి దించింది.

అప్పుడు వినిపించింది. పెద్ద శబ్దం కాదు, ముసలి మనిషి లేస్తూ మూలిగినట్టు. దూలం కొస గోడలోంచి జారింది. రెండు బండలు, వాటి మీది చవుడు, ఒక్కసారి కిందికి దిగాయి. కుర్చీ కనబడలేదు. ముక్కాలి పీటా కనబడలేదు. తెల్లటి దుమ్ము గుమ్మంలోంచి వాకిట్లోకి వచ్చి అందరి మీదా పడింది. దాని వెనకే పొగ. గాలి తగలగానే దూలం కొస ఎర్రగా కళ్లు తెరిచింది.

మద్దిలేటి నిచ్చెన వేసుకుని మిద్దె ఎక్కాడు. చవుడు తవ్వుతుంటే పిల్లి ఆఖరి నిమిషం దాకా అక్కణ్ణుంచి కదల్లేదట. మళ్లీ కడవలు, మళ్లీ యశోదమ్మ తొట్టి. ఈసారి నీళ్లు పై నుంచి గోడ లోపలికి పోశారు, బుస్సుమని ఆవిరి లేచేది, మళ్లీ పోశారు. బయటికి లాగిన దూలం చూస్తే పైన చెక్కులాగా సున్నం, లోపల గుల్ల. మొదటి మంట నాడు పగుల్లోంచి దూరిన నిప్పు, నీళ్లకు అందకుండా గోడలోకి ముడుచుకుని, ఇన్ని రోజులూ వేప చేవను కొరుక్కుంటూ కూర్చుంది. పైనుంచి మూడు పూతలు వేసి దాన్ని చలి తగలకుండా కాపాడారు.

అంతా ఆరాక సర్వేయరు వాకిట్లో కట్టెలు కొట్టే మొద్దు మీద కూర్చున్నాడు. తల నుంచి బూట్ల దాకా తెల్లగా ఉన్నాడు, కమలాక్షమ్మ ఇంటి గోడ అన్నట్టే. కాలరు చిరిగి భుజం మీదికి వేలాడుతోంది. తోలు సంచి ఒళ్లో గట్టిగా పట్టుకుని కాసేపు ఆ గుల్ల దూలం వైపు, కాసేపు గుమ్మంలో కుప్పగా పడిన బండల వైపు చూశాడు. తర్వాత సంచిలోంచి కాగితాలు తీశాడు.

“కాలిందనడానికి నాకిక అభ్యంతరం లేదమ్మా.”

బాలస్వామి నవ్వబోయి, ఆయన ముఖం చూసి మానుకున్నాడు.

“ఒక్కటి చెప్పండి,” అన్నాడు సర్వేయరు. “అటక మీద ఏముండేది?”

“స్టవ్ సార్...” అని ఆదినారాయణ మొదలుపెట్టాడు.

“నువ్వు ఉండు నాయనా,” అంది కమలాక్షమ్మ. “కందికట్టె సార్. నాది. దుప్పటి తెర కట్టిందీ నేనే. ఈ పిల్ల ఆడ పుల్ల కూడా పెట్టలేదు. ఇంటికి వచ్చిన నాటి నుంచి ఆమె అటక ఎక్కలేదు, ఎక్కే హక్కు లేదు ఆమెకు. మంట లేసింది స్టవ్‌లో. మండింది నా కట్టె. ఇంగ మీ ఇష్టమొచ్చినట్టు రాసుకోండి. ఇయ్యకపోయినా ఈ పోర్షనుకు తాళం పడదు.”

చివరి మాట తమ్ముడి వైపు తిరిగి అంది. ఆదినారాయణ ఆ కుర్చీ మీద కూలిన బండల్ని చూస్తున్నాడు.

సర్వేయరు రాసుకున్నాడు. కట్టె సంగతీ రాసుకున్నాడు, దాని మూలాన అడిగినదంతా రాలేదు. దూలాలకు, బండలకు సరిపోయేంత వచ్చింది. మిగతాది ఆదినారాయణే తన చేల గట్టు మీది వేపచెట్టు కొట్టించి, ఆళ్లగడ్డ నుంచి బండిలో పంపాడు. కందికట్టె బండి మాత్రం మళ్లీ ఎప్పుడూ ఆ వీధికి రాలేదు. మిగిలిన రెండు అటకలూ కమలాక్షమ్మ తీయించేసింది. ఆ రోజు పోతూ పోతూ ఆఫీసరు ఒకే ఒక్క మాట అన్నాడట. “నేను మళ్లీ వచ్చేదాకా దయచేసి సున్నం కొట్టించకండి.” ఆయన చిరిగిన కాలరు ఆమె కుట్టించి ఇస్తానంది. ఆయన ఆ మాట వినకముందే రిక్షా ఎక్కాడు.

లూదియా కాన్పు అయ్యేదాకా, అయ్యాకా కొన్నాళ్లూ కమలాక్షమ్మ పోర్షనులోని ముందు గదిలోనే ఉంది. యోబు శనివారం వచ్చి పడసాలలో పడుకునేవాడు, గోడకు జానెడు ఎడంగా. ఆమె ఏమీ అనకపోయినా ఎడంగానే పడుకునేవాడు. ఆ పిల్లను రాత్రుళ్లూ ఆ గోడ పక్కన పడుకోబెట్టింది తానేనన్న సంగతి కమలాక్షమ్మ ఎవరితోనూ ఎత్తలేదు. పుట్టిన బిడ్డ తలకు ఆముదం రాసి ఒళ్లో వేసుకుని కూర్చునేది. ఆ తల వెనక్కి వాలి గోడకు తగిలి, గుండ్రటి నూనె మచ్చ పడితే, దాన్ని చూసి చూడనట్టు ఊరుకునేది. అది చూసి యశోదమ్మ, “ఈమెకు ఒంట్లో బాగాలేదేమో, డాక్టరుకు చూపియ్యండప్పా” అని వీధంతా చెప్పింది.

కొత్త దూలం ఎక్కి, మిద్దె పూర్తయ్యాక మద్దిలేటి సున్నం కుండతో వచ్చాడు.

“మొదలుపెట్టేదా అమ్మా?”

“ఉండప్పా.”

ఆమె చెప్పులు విడిచి లోపలికి పోయింది. దూలం కొస కింద నిలబడి కుడి అరచెయ్యి గోడకు ఆనించింది. బొబ్బ మానిన మచ్చ ఇంకా ఉంది ఆ చేతికి. కళ్లు మూసుకుని కాసేపట్లాగే నిలబడింది. తర్వాత ఎడమ గోడ, తర్వాత వెనక గోడ. అన్నిటికీ చెయ్యి పెట్టి చూశాక, “సల్లగుండాది, కొట్టు” అంది.

అప్పటినుంచి ఆమె బతికినన్నాళ్లూ అదే అలవాటు. చలికాలమైనా ఎండాకాలమైనా పొద్దున్నే నాలుగు పోర్షన్లూ తిరిగి, గోడగోడకూ అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, పోయేది. కొన్నేళ్లకు లూదియాకు ఆళ్లగడ్డకు బదిలీ అయింది. కొత్తగా అద్దెకు దిగిన వాళ్లకు ఈ కథ తెలియదు. ఇంటామె ఏదో పూజ చేస్తోందనుకుని వాళ్లూ లేచి నిలబడేవాళ్లు. ఆమె పక్క పోర్షనుకు వెళ్లాక పిల్లల చేత కూడా గోడకు చెయ్యి పెట్టించి దణ్ణం పెట్టించేవాళ్లు. ఆ చిట్టి చేతుల మరకలు నాలుగు పోర్షన్లలోనూ నడుమెత్తున వరసగా ఉండేవి. కమలాక్షమ్మ వాటిని చూసేది, మద్దిలేటి చూసేవాడు, ఇద్దరూ ఒకరినొకరు చూసుకునేవాళ్లు. ఉగాది దాకా వాటి జోలికి పోయేవాళ్లు కాదు.